గోడే గ్యాలరీ: ఎమరీ డగ్లస్ బొమ్మలు మన ఉద్యమాలకు చెప్పేదేమిటి?

సభకు పోస్టర్ కావాలంటారు. అదీ రేపు పొద్దునకల్లా కావాలంటారు. హాస్టల్లో కంప్యూటర్ మీద చెయ్యి తిరిగిన పిల్లవాడో పిల్లో రాత్రంతా కూర్చుని చేసిపెడతారు. నీలం రంగు, పైన బాబాసాహెబ్ ఫొటో, కింద వక్తల పేర్లు, వాటి పక్కన హోదాలు. సభ అయిపోతుంది. పోస్టర్ చేసిన మనిషి పేరు దాని మీద ఉండదు. వారం తిరిగేసరికి ఆ పోస్టరూ ఎక్కడా ఉండదు.

మన సంఘాల్లో బొమ్మలు వేసేవాళ్ల పరిస్థితి చాలాచోట్ల ఇదే. ఉపన్యాసాన్ని రాజకీయంగా చూస్తాం, పాటనూ రాజకీయంగానే చూస్తాం. పోస్టర్‌ను మాత్రం షామియానా, మైకుసెట్ల పక్కన ఏర్పాట్ల పద్దులో రాస్తాం. మరోపక్క ఎన్నికల పార్టీలు, కంపెనీలు ఏ రంగు వాడాలో తేల్చుకోవడానికే ఏజెన్సీలను పెట్టుకుంటాయి. 'బ్రాండింగ్' అన్న మాట వినగానే మనలో కొందరు మొహం చిట్లిస్తారు. అది మార్కెట్ వ్యవహారం, మనకెందుకు అంటారు.

ఈ చర్చలో మనం దగ్గరగా చూడాల్సిన మనిషి ఎమరీ డగ్లస్. అమెరికాలో బ్లాక్ పాంథర్ పార్టీకి ఆయన సాంస్కృతిక మంత్రి. పార్టీ పత్రిక నడిచిన దాదాపు అన్నేళ్లూ దాని రూపం ఆయన చేతుల మీదుగా తయారైంది. చదువుకున్నది కమర్షియల్ ఆర్ట్. అంటే సబ్బులు, బూట్లు అమ్మిపెట్టే విద్య. దాన్ని తీసుకెళ్లి వీధిలో నల్లజాతి ప్రజల ముందు పెట్టారు. ఉద్యమానికి గుర్తింపు రావాలంటే మంచి లోగో ఒక్కటే చాలదని ఆయన పని చెబుతుంది. బొమ్మలో ఎవరున్నారు, అది ఎవరి చేతికి చేరుతోంది, దాని మీద అదుపు ఎవరిది అనే మూడు ప్రశ్నలకు ఆయన జీవితమే ఒక జవాబు.

చిరుత ఎక్కడి నుంచి వచ్చింది

నల్ల చిరుత గుర్తు ఓక్లాండ్‌లో పుట్టలేదు. అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రంలోని లౌండెస్ కౌంటీలో పుట్టింది. అక్కడి జనాభాలో దాదాపు 80 శాతం నల్లవాళ్లు. అయినా 1965 మొదట్లో ఓటరు జాబితాలో వాళ్ల పేర్లు లేవు. స్టోక్లీ కార్మైకేల్, ఎస్‌ఎన్‌సీసీ విద్యార్థి కార్యకర్తలు అక్కడి ప్రజలతో కలిసి లౌండెస్ కౌంటీ ఫ్రీడమ్ ఆర్గనైజేషన్ అనే సొంత పార్టీ పెట్టారు. చదువురాని ఓటర్లు ఎక్కువ కాబట్టి అలబామాలో ప్రతి పార్టీకీ బ్యాలెట్ మీద ఒక గుర్తు ఉండాలి. అక్కడి డెమొక్రాటిక్ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు. దానితో పాటు తెల్లజాతి ఆధిపత్యాన్ని బాహాటంగా చాటే నినాదం.

ఆ పుంజుకు ఎదురుగా ఏం నిలబెట్టాలి? ఎస్‌ఎన్‌సీసీలో పనిచేస్తున్న రూత్ హోవార్డ్ అట్లాంటాలోని క్లార్క్ కాలేజీ చిహ్నంగా ఉన్న చిరుతను తీసుకున్నారు. డొరొతీ జెల్నర్ దాని గీతలకు మెరుగుపెట్టారు. 1966 అక్టోబరులో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ ఓక్లాండ్‌లో తమ పార్టీ ప్రారంభించినప్పుడు ఆ పేరును, గుర్తును అక్కడి నుంచే తెచ్చుకున్నారు. అనుమతి రుసుములు లేవు, ట్రేడ్‌మార్క్ నోటీసులు లేవు. ఒక పోరాటం నుంచి మరో పోరాటానికి గుర్తు చేతులు మారింది.

ఈ కథ మనకు పరాయిది కాదు. 1951-52లో స్వతంత్ర భారతదేశపు మొదటి సార్వత్రిక ఎన్నికల్లో చదువురాని కోట్లమంది ఓటర్ల కోసమే గుర్తులు పెట్టారు. అంబేడ్కర్ నాయకత్వంలోని షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ ఆ ఎన్నికల్లో ఏనుగు గుర్తు మీద నిలబడింది. దశాబ్దాల తర్వాత అదే ఏనుగు బహుజన్ సమాజ్ పార్టీ గుర్తుగా మళ్లీ జనం ముందుకొచ్చింది. అక్షరానికి దూరంగా ఉంచిన జనానికి బొమ్మే మొదటి రాజకీయ భాష. బ్రాండింగ్ అనే మాట మార్కెట్‌ది కావచ్చు. ఆ పని మాత్రం మనం ఎప్పటి నుంచో చేస్తున్నదే.

జైలు ప్రెస్సులో నేర్చిన పని

డగ్లస్ 1943లో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో పుట్టారు. చిన్నప్పుడే తల్లితో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. కుర్రతనంలో పోలీసు కేసుల్లో పడి కాలిఫోర్నియాలోని ఒక బాలనేరస్థుల సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన్ను ప్రింటింగ్ ప్రెస్సు పనిలో పెట్టారు. అక్షరాలు, సిరా, పేజీ కూర్పుతో పరిచయం అక్కడే మొదలైంది. తర్వాత సిటీ కాలేజ్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో కమర్షియల్ ఆర్ట్ చదివారు. అమీరి బరాకా నాటకాలకు రంగసామగ్రి, కరపత్రాలు చేశారు.

1967లో ఒకరోజు బాబీ సీల్ పార్టీ పత్రిక మొదటి సంచికను తయారుచేస్తూ కనిపించారు. టైప్‌రైటర్ మీద కొట్టిన కాగితాలు, మార్కర్‌తో చేత్తో రాసిన హెడ్డింగులు. పని చేతకానితనం డగ్లస్ కంటికి వెంటనే తెలిసిపోయింది. తన దగ్గర సామాను ఉంది, తెస్తానని ఇంటికి వెళ్లి తెచ్చారు. అప్పటికి ఆ సంచిక దాదాపు పూర్తయింది కానీ పత్రిక ఇకపై ఎవరి చేతిలో పడాలో తేలిపోయింది. ఏప్రిల్ 25న వచ్చిన ఆ మొదటి సంచిక డెంజిల్ డొవెల్ అనే నల్లజాతి యువకుణ్ని పోలీసులు కాల్చి చంపిన ఘటన మీద. అంటే పత్రిక పుట్టిందే ఒక హత్యకు లెక్క అడగడానికి.

డబ్బు లేదు. రంగులు ఎక్కువైతే ఖర్చు ఎక్కువవుతుంది. అందుకే చాలా సంచికల్లో నలుపుకు తోడు ఒక్క రంగే ఉండేది. లావాటి నల్లగీతలు గీసి, చెక్క మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలా కనబడేట్టు చేసేవారు. నీడల కోసం దుకాణంలో దొరికే చుక్కల, చారల షీట్లను కత్తిరించి అంటించేవారు. పత్రికల ఫొటోలు కత్తిరించి బొమ్మలో కలిపేవారు. ఈ శైలిని ఇవాళ కళావిమర్శకులు మెచ్చుకుంటున్నారు. అది తయారైంది మాత్రం ప్రెస్సు బిల్లు లెక్కల్లోంచి. లావు గీత దూరం నుంచి కనబడుతుంది, నాసిరకం కాగితం మీద కూడా చెదరదు, ఎవరైనా చూసి మళ్లీ గీయగలరు.

వెనక పేజీ మొత్తం తరచూ ఒకే బొమ్మకు ఇచ్చేవారు. పాఠకులు దాన్ని చించి గోడకు అంటించుకునేవారు. పత్రిక ధర 25 సెంట్లు. మంచి రోజుల్లో వారానికి లక్షకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. చదవడం రానివాళ్లకూ బొమ్మతో, దాని కింద నాలుగు మాటలతో వారం రాజకీయం అందేది. వీధులూ ఇళ్లూ దుకాణాలూ ఉన్న బస్తీనే గ్యాలరీ అని డగ్లస్ భావించారు.

ఎవరిని ఎలా గీయాలి

ఆయన బొమ్మల్లో అందరికీ తెలిసింది పంది. నల్లవాళ్లను వేధించే ఒక పోలీసు బ్యాడ్జి నంబరు వేసి పందిని గీయమని న్యూటన్, సీల్ అడిగారు. మొదట నాలుగు కాళ్ల పందే. తర్వాత డగ్లస్ దాన్ని రెండు కాళ్ల మీద నిలబెట్టి, యూనిఫాం తొడిగి, చుట్టూ ఈగలు తిప్పారు. పోలీసును చూస్తే వణికే జనం పోలీసును చూసి నవ్వడం మొదలుపెట్టారు. భయం తగ్గించడంలో ఉపన్యాసం చేయలేని పనిని కార్టూన్ చేసింది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఈ పందిని తెచ్చి మన గోడల మీద వేయగలమా? మన దగ్గర పందుల పెంపకం ఎరుకల వంటి సమూహాల బతుకుతెరువు. పంది పేరుతో తిట్టడం ఆధిపత్య కులాల నోట తరతరాలుగా ఉన్నదే. ఓక్లాండ్‌లో పైవాడి మీద విసిరిన రాయి మన ఊళ్లో మనవాళ్లకే తగులుతుంది. సంఘీభావం అంటే బొమ్మలను ఉన్నవున్నట్టు దిగుమతి చేసుకోవడం కాదు. ఏ గుర్తు ఎవరి ఒంటి మీద దెబ్బ వేస్తుందో కులం లెక్కలోంచి చూసుకోవాలి.

గీసే చెయ్యి ఎవరిదన్నది మన దగ్గర ఇంకా పెద్ద ప్రశ్న. 2012లో ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలోని శంకర్ కార్టూన్ మీద దేశమంతా గొడవ జరిగింది. నత్త మీద అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ ఉన్న 1949 నాటి కార్టూన్ అది. భావప్రకటన స్వేచ్ఛ గురించి చాలామంది పాఠాలు చెప్పారు. తెలుగు నేల నుంచి వెళ్లిన కళాకారుడు ఉన్నమతి శ్యామ్ సుందర్ మాత్రం పాత పత్రికలు తిరగేశారు. 1932 నుంచి 1956 దాకా ఇంగ్లీషు పత్రికల్లో అంబేడ్కర్ మీద వచ్చిన వందకు పైగా కార్టూన్లను వెతికి తీసి, ఒక్కోదాన్ని విశ్లేషిస్తూ 2019లో 'నో లాఫింగ్ మ్యాటర్' అనే పుస్తకంగా తెచ్చారు. అన్నీ ఒకచోట పేర్చి చూస్తే వాటిలోని కులం చూపు దాక్కోలేదు. ఒక్క కార్టూన్‌ను హాస్యం అని సరిపెట్టుకోవచ్చు. వంద కార్టూన్లలో ఒకే మనిషిని చిన్నగా, చికాకు మనిషిగా చూపిస్తుంటే అది అలవాటు.

డగ్లస్ పనిలో రెండో సగం ఈ అలవాటుకు జవాబు. ఆయన నల్లజాతి మనుషులను ఎలా గీశారో చూడండి. తొలి ఏళ్లలో తుపాకీ పట్టిన యువకులు, బిడ్డను ఎత్తుకుని ఆయుధం పట్టిన తల్లులు కనబడతారు. 1969 జనవరిలో ఓక్లాండ్ చర్చిలో పిల్లలకు ఉచిత అల్పాహారం మొదలుపెట్టాక, పార్టీ వైద్యశిబిరాలు, ఆహార పంపిణీ వైపు వెళ్లాక బొమ్మలూ మారాయి. సరుకుల సంచితో నవ్వుతున్న ఆడమనిషి, ఎలుకలు తిరిగే గదిలో పిల్లలు, చేతులు ముడతలు పడ్డ ముసలమ్మ. 1973లో బాబీ సీల్ ఓక్లాండ్ మేయర్ పదవికి పోటీ చేసినప్పుడు ఆ సరుకుల సంచి పక్కనే ఓటు మాట కూడా చేరింది. సీల్ ఓడిపోయారు కానీ రెండో విడత పోరు దాకా వచ్చారు.

ఆ మనుషుల ముఖాల్లో దీనత్వం లేదు. దానం అడిగే చూపు లేదు. మన మీద వచ్చే ఫొటోలలో, డాక్యుమెంటరీలలో ఎప్పుడూ శవమో, ఏడుపో, చీపురో కనబడటానికి అలవాటు పడ్డ మనకు ఈ తేడా త్వరగానే అర్థమవుతుంది. పేదరికాన్ని దాచకుండానే మనిషి గౌరవాన్ని నిలబెట్టవచ్చు. అది గీసేవాడి నైపుణ్యం కన్నా ముందు గీసేవాడి పక్షానికి సంబంధించిన సంగతి.

ఒక్క చేతి పని కాదు

డగ్లస్ పేరు ఒక్కటే చెప్పి ముగిస్తే ఆయనకే అన్యాయం చేసినట్టు. పార్టీలో చేరిన తొలి మహిళ తారికా లూయిస్ 'మతిలబా' పేరుతో తొలిరోజుల్లో పత్రికకు బొమ్మలు వేశారు. 1970లలో గేల్ డిక్సన్ 'అసాలి' అనే సంతకంతో ఎన్నో పేజీలు గీశారు. పత్రిక పేజీలు పేర్చినవాళ్లు, కట్టలు కట్టినవాళ్లు, చలిలో కూడళ్లలో నిలబడి అమ్మినవాళ్లు వేలమంది. పంపిణీ బాధ్యత చూసిన శామ్ నేపియర్ 1971 ఏప్రిల్‌లో పార్టీ అంతర్గత చీలిక రగులుతున్న వేళ న్యూయార్క్‌లో హత్యకు గురయ్యారు. పత్రికను జనానికి చేర్చే పని ఎంత ప్రమాదకరమో ఆ చావు చెబుతుంది.

హవానాలోని ఓస్పాల్ సంస్థ కళాకారుడు లాజరో అబ్రేయు 1968లో డగ్లస్ గీతలను తీసుకుని నల్లజాతి ప్రజలకు సంఘీభావంగా పోస్టర్ చేశారు. క్యూబా పోస్టర్ల నుంచి డగ్లస్ కూడా నేర్చుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత, 2012లో మెక్సికోలోని చియాపాస్‌లో జపటిస్టా ఆదివాసీ మహిళలు ఆయన బొమ్మలను తమ కుట్టుపనిలోకి దించారు. వాళ్లు నకలు తీయలేదు. తమ రంగులు, తమ పూలు, తమ ముసుగులు వేసి బొమ్మను తమ ఊరిదాన్ని చేసుకున్నారు. ఇద్దరూ సమానంగా నిలబడి, ఇద్దరి పేర్లూ చెప్పుకునే పనినే కలిసి పనిచేయడం అనాలి.

రాజ్యం బొమ్మతో ఆడిన ఆట

ఉద్యమం పేరుప్రతిష్ఠలు బొమ్మ మీద ఎంత ఆధారపడతాయో అందరికన్నా బాగా గ్రహించింది ఎఫ్‌బీఐ. అల్పాహార కార్యక్రమం పార్టీకి మంచి పేరు తెస్తుంటే దాన్ని దెబ్బతీయడానికి ఒక రంగులు నింపే పుస్తకం దొరికింది. పిల్లలు పోలీసులను చంపుతున్న బొమ్మలతో ఎవరో చేసిన ఆ పుస్తకాన్ని పార్టీ నాయకత్వం తిరస్కరించింది. ఎఫ్‌బీఐ మాత్రం దాని కాపీలను అల్పాహారానికి సరుకులిస్తున్న కంపెనీలకు పంపించింది. పత్రిక అచ్చయ్యే చోట కంపు కొట్టే రసాయనం చల్లాలన్న ప్రతిపాదన కూడా ఆ సంస్థ లోపల నడిచింది. ఇవన్నీ 1976లో అమెరికా సెనేట్ చర్చ్ కమిటీ నివేదికతో బయటపడ్డాయి.

నకిలీ స్క్రీన్‌షాట్లు, మార్ఫింగ్ ఫొటోలు, మన సంఘాల లోగోతో మనం అనని మాటలు చూస్తున్న ఈ రోజుల్లో ఇది పాత కథ కాదు. లోగో ఎవరు వాడవచ్చు, అధికారిక పోస్టర్ ఎక్కడ దొరుకుతుంది, నకిలీ వస్తే గంటలోపు ఖండించే మనిషి ఎవరు? ఈ మూడింటికీ జవాబు లేని సంఘం తన ముఖాన్ని బజారులో వదిలేసినట్టే.

మ్యూజియం, మార్కెట్

పత్రిక 1980లో ఆగిపోయింది. పార్టీ 1982తో ముగిసింది. డగ్లస్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని నల్లజాతి పత్రిక 'సన్ రిపోర్టర్'లో పనిచేశారు. కళాప్రపంచం ఆయన్ను గుర్తించడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. 2007లో లాస్ ఏంజిలస్ సమకాలీన కళా మ్యూజియంలో, 2009లో న్యూయార్క్‌లోని న్యూ మ్యూజియంలో ప్రదర్శనలు జరిగాయి. 2015లో అమెరికా డిజైనర్ల సంఘం ఏఐజీఏ పతకం ఇచ్చింది. 25 సెంట్ల కాగితం గాజు పలకల వెనక్కి చేరింది.

ఇది ఓటమా, గెలుపా? రెండూ ఉన్నాయి. మ్యూజియంలో చేరకపోతే ఆ కాగితాలు చెదలు తినేవి. చేరాక వాటిలోని కోపం చల్లబడే ప్రమాదం ఉంది. పార్టీ పుట్టి యాభై ఏళ్లు నిండిన 2016లోనే బియాన్సే సూపర్ బౌల్ ఆట విరామంలో నల్ల టోపీల నర్తకులతో పాంథర్లను గుర్తుచేసింది. కోట్లమంది చూశారు. ఆ విరామ ప్రదర్శన స్పాన్సర్ పెప్సీ. గుర్తు అంతదూరం వెళ్లడం చిన్న విషయం కాదు. ఆ గుర్తు వెనక ఉన్న డిమాండ్లు, అంటే ఇళ్లు, ఉద్యోగాలు, పోలీసు హింస ఆగడం, అంతదూరం వెళ్లలేదు.

మార్కెట్‌కు రూపం కావాలి, చేసిన చేతి పేరు అక్కర్లేదు. 2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ ప్రదర్శనలో ప్రాడా కంపెనీ కొల్హాపురి చెప్పులను పోలిన చెప్పులు చూపించినప్పుడు మనం ఇదే చూశాం. తరాలుగా ఆ చెప్పులు కుడుతున్నవాళ్లలో ఎక్కువమంది తోలుపని కులాల దళితులు. ఆ చెప్పుకు 2019 నుంచి మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాలకు కలిపి భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా మొదట ఆ ఊరి పేరు కూడా చెప్పలేదు. నిరసనలు వచ్చాకే కంపెనీ ఆ మూలాన్ని ఒప్పుకుంది. తోలు ముట్టుకున్నందుకు మనిషిని ఊరవతల ఉంచిన సమాజం, అదే తోలు విదేశీ వేదిక ఎక్కితే 'మన భారతీయ సంస్కృతి' అంటూ ముందుకొచ్చింది. సరుకు విలువ పెరిగేకొద్దీ కులం పేరు మాయమవుతుంది. కూలి దగ్గర మాత్రం కులం కదలకుండా ఉంటుంది.

చిరుత నుంచి డప్పు దాకా

1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే వంటి యువ రచయితలు దళిత్ పాంథర్స్ పెట్టినప్పుడు ఆ పేరు అమెరికా నుంచి వచ్చింది. 1973 నాటి వాళ్ల మేనిఫెస్టో ఆ బంధుత్వాన్ని దాచుకోలేదు. కానీ పేరు కింద ఉన్న సరుకు బొంబాయిది. మురికివాడ భాష, మరాఠీ కవిత్వం, గ్రామాల్లో దళితుల మీద జరుగుతున్న దాడుల లెక్క వాళ్లవి. చియాపాస్ మహిళల మాదిరిగానే గుర్తును తీసుకుని తమ నేల మీద నాటుకున్నారు.

తెలుగు నేల మీద అంతకన్నా లోతైన ఉదాహరణ ఉంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి 'దండోరా'గా జనంలోకి వెళ్లింది. దండోరా అంటే ఊరి పెద్దల ఆజ్ఞను డప్పు కొట్టి చాటడం. కొట్టే చెయ్యి మాదిగది, చాటే మాట పెత్తందారుది. ఉద్యమం అదే డప్పును పట్టుకుని మాటను మార్చింది. కార్యకర్తలు కులం పేరును ఇంటిపేరులా తగిలించుకున్నారు. అవమానంగా పలికిన పదం పోస్టర్ మీద పెద్దక్షరాల్లో వచ్చింది. ఏ ఏజెన్సీ సలహా లేకుండా ఒక సమూహం తన పేరును, తన శబ్దాన్ని, తన గుర్తును తానే తేల్చుకుంది. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, గుర్తు మీద అదుపు సాధించడం అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే సందర్భం దొరకదు.

ఇప్పుడు చేయాల్సిన పని

మన విశ్వవిద్యాలయాల ఫైన్ ఆర్ట్స్ విభాగాల్లో, డిజైన్ కాలేజీల్లో, చిన్న స్టూడియోల్లో దళిత బహుజన యువతరం పనిచేస్తోంది. వాళ్లకు కంపెనీలు, ఫౌండేషన్లు, ఓటీటీ సంస్థలు పిలుపులు పంపుతున్నాయి. వెళ్లొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అద్దె కట్టాలి, ఇంటికి డబ్బు పంపాలి. డగ్లస్ కూడా మార్కెట్ విద్యే నేర్చుకున్నారు. సంతకం పెట్టే ముందు కొన్ని విషయాలు కాగితం మీద తేల్చుకోవాలి. పని మీద పేరు ఎక్కడ, ఎంత పెద్దగా ఉంటుంది? హక్కు మొత్తం రాసివ్వాలా, వాడుకునే అనుమతి మాత్రమేనా? మన దేశ కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్మేసినా ఆ పని తనదని చెప్పుకునే హక్కు కళాకారుడి దగ్గరే ఉంటుంది, తన పరువు పోయేలా దాన్ని మార్చితే అడ్డుకునే హక్కు కూడా. ఈ సంగతి ఎంతమంది విద్యార్థులకు తెలుసు? సామూహిక కళారూపం వాడుతుంటే ఆ సమూహానికి ఏం దక్కుతుంది? ప్రచారంలో కులం అన్న మాట ఉంచుతారా, 'గ్రామీణ కళ' అని మెత్తబరుస్తారా?

సంఘాలకు కూడా బాధ్యత ఉంది. పోస్టర్ చేసేవాళ్లను సభకు ముందురోజు రాత్రి కాకుండా, ఏం మాట్లాడాలో నిర్ణయించే సమావేశానికే పిలవాలి. డగ్లస్ పార్టీ నాయకత్వంలో కూర్చున్న మనిషి. ఆర్డరు తీసుకుని వెళ్లే మనిషి కాదు. ఆ బొమ్మలకు అంత పదును రావడానికి అదో కారణం. సొమ్ము ఉంటే పనికి కూలి ఇవ్వాలి, లేకపోతే కనీసం పేరు అచ్చువేయాలి. వాట్సాప్‌లో తిరిగే బొమ్మతో ఆగిపోకుండా నలుపూ నీలం రెండు రంగుల్లో చవగ్గా అచ్చయ్యే పోస్టర్‌ను వాడ గోడ దాకా చేర్చాలి.

చివరిగా ఖర్చులేని పని ఒకటి. డగ్లస్ పని ఇవాళ మన ముందు ఉందంటే ఆ పత్రికలను ఎవరో అటకల మీద, పెట్టెల్లో దాచబట్టే. కారంచేడు, చుండూరు పోరాటాల నాటి కరపత్రాలు, గోడపత్రికలు, బ్యానర్లు ఎన్ని మిగిలాయి? వాటిని గీసిందెవరో చెప్పగలిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ప్రతి విద్యార్థి సంఘం వచ్చే ఏప్రిల్ 14 లోపు ఒక పెట్టె పెట్టుకోవచ్చు. ప్రతి పోస్టర్ కాపీ ఒకటి అందులో వేయాలి. వెనకవైపు పెన్సిల్‌తో తేదీ, ఊరు, చేసినవాళ్ల పేరు రాయాలి. పాతవి దొరికితే ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దలను అడిగి ఆ పేర్లు కూడా చేర్చాలి.